కుర్చీ మీది బంగారం, దాని కింది సుద్ద

ఒక గ్రాము బంగారంతో ఎంత మేర పూత వేయొచ్చో ఎప్పుడైనా లెక్క వేశారా? ల్యాబ్‌లో ప్రోగ్రాం రన్ కాక, సార్ ఇటు రాకముందు, నేను వేశాను. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు. పూతకి వాడే రేకు మందం సుమారు 0.1 మైక్రాను. భాగించి చూస్తే ఒక గ్రాముకి అర చదరపు మీటరు వస్తుంది. అంటే రాజుగారి నగిషీల కుర్చీకి కాళ్లూ చేతులూ వీపూ అన్నీ కలిపి రెండు గ్రాములుంటే ఎక్కువే. మా అవ్వ కమ్మల్లో అంతకన్నా ఎక్కువ బంగారం ఉంది.

తలవెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, 700 రేకులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక వెంట్రుక అవుతుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. కాజూ కత్లీ మీద వెండి రేకు అతికిస్తారు కదా, దానికి బంగారు అన్న అనుకోండి.

ఇక్కడ ఒక తేడా ముందే చెప్పాలి. గుళ్లల్లో మనం చూసే బంగారు తాపడం వేరు. అక్కడ రాగి రేకు మీద బంగారం ఎక్కించి, ఆ రేకుని గోపురానికో, వాహనానికో, తలుపుకో మేకులతో బిగిస్తారు. అది కవచం లాంటిది, విప్పి మళ్లీ తొడగొచ్చు. రాజమహళ్లలో కుర్చీలూ అద్దాల ఫ్రేములూ అలా కాదు. వాటిలో బంగారం చెక్కకి నేరుగా కూడా తగలదు. మధ్యలో ఇంకో ప్రపంచం ఉంది. ఈ వ్యాసం అంతా ఆ మధ్యలో ఉన్నదాని గురించే.

ముందు ఈ కుర్చీలు ఎక్కడున్నాయో చూద్దాం. మాది కాణిపాకం. 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు కట్టించాడని చెప్పుకునే గుడి ఇంకా ఉంది, ఎందుకంటే అది రాయి. రాజుల వస్తువులు చూద్దామని చంద్రగిరి కోటకి వెళ్తే, రాజమహల్ మూడు అంతస్తులూ ఠీవిగా నిలబడి ఉంటాయి. గైడు గర్వంగా చెప్తాడు, ఈ కట్టడంలో కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే అని. నాకు ఆ మాట తిరగేసి వినిపించింది: కలప లేదు కాబట్టే మిగిలింది. లోపల పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియంలో రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి. విజయనగర రాజులు కూర్చున్న పీట మాత్రం ఒక్కటీ నాకు కనపడలేదు. చెక్కకి మన దగ్గర శత్రువులు ఎక్కువ. చెద, వాన, నిప్పు. మైసూరు పాత ప్యాలెస్ చెక్కతో కట్టింది, 1897లో పెళ్లి వేడుకల సమయంలో కాలిపోయింది. ఇప్పుడు మనం దసరాకి లైట్లు చూసొచ్చేది ఆ తర్వాత కట్టి 1912లో పూర్తిచేసిన ప్యాలెస్.

కాబట్టి తెలుగు నేల మీద ఇలాంటి ఫర్నిచర్ చూడాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. నిజాముల చౌమహల్లా ప్యాలెస్ ఉంది. చార్మినార్‌కి నడిచి వెళ్లేంత దూరం. 18వ శతాబ్దం మధ్యలో మొదలై, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. దానికి 1884లో వికార్-ఉల్-ఉమ్రా పునాది వేయించాడు, తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. నూట ఒక్క మంది ఒకేసారి కూర్చుని తినే డైనింగ్ టేబుల్ అక్కడిదే. ఇవి కాక సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ ఫర్నిచర్ బాగా ఉంది.

ఈ రెండు ప్యాలెస్‌ల కథలో ఒక మలుపు ఉంది. సంస్థానం పోయి, వారసత్వ తగాదాలొచ్చి, ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టుకున్నాక, గదులకి తాళాలు పడ్డాయి. దశాబ్దాల తర్వాత ఆయన మొదటి భార్య, టర్కీ ఆవిడ ప్రిన్సెస్ ఎస్రా తిరిగొచ్చి తాళాలు తీయించింది. చౌమహల్లాని బాగుచేసి మ్యూజియంగా తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దానికి గుర్తింపు వచ్చింది. ఫలక్‌నుమా పని దాదాపు పదేళ్లు సాగి, అదే 2010లో తాజ్ వాళ్ల హోటల్‌గా తెరుచుకుంది. మన మెస్ బిల్లులతో పోలిస్తే అక్కడ ఒక రాత్రి అద్దె ఎంతో నేను చెప్పను, మీరే వెతుక్కోండి. చౌమహల్లాకి మాత్రం టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. నేను ఫస్టియర్ సెలవుల్లో వెళ్లాను. అందరూ ఖిల్వత్ దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద సెల్ఫీలు దిగుతా ఉంటే, నేను మాత్రం బంగారు పూత ఉన్న కుర్చీల అంచులే చూస్తా తిరిగాను. నాతో వచ్చిన వాళ్లు విసుక్కున్నారు, అది వేరే విషయం.

తాళం వేసిన గది అంటే భద్రంగా ఉన్న గది అనుకుంటాం. చెక్కకి అది నిజం కాదు. ఎందుకో తెలియాలంటే పొరల గురించి తెలియాలి.

అడుగున చెక్క. వడ్రంగి చెక్కిన పువ్వులూ లతలూ దాని మీదే ఉంటాయి. దాని మీద వేడి జిగురు. తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసే జిగురు ఇది. దాని మీద అదే జిగురులో కలిపిన సుద్ద. యూరప్ వాళ్లు జెస్సో అంటారు. ఇది ఒక పూత కాదు. పల్చగా ఒకటి వేసి, ఆరాక ఇంకొకటి, అలా ఎనిమిది, పది, పన్నెండు సార్లు. ఇన్ని పూతలు పడ్డాక చెక్కిన పువ్వు రేకలన్నీ మొద్దుబారిపోతాయి కదా. అప్పుడు పనివాడు చిన్న ఉలులతో ఆ సుద్దలోనే మళ్లీ చెక్కుతాడు. ఆకు ఈనెలు, పువ్వు మధ్య గళ్లు, సన్నటి గీతలు చాలావరకు సుద్దలో చెక్కినవే. నాకు ఈ విషయం తెలిసినప్పుడు ఆశ్చర్యం వేసింది. మనం మెచ్చుకునే ఆ నాజూకు పని చెక్కలో లేదు, బంగారంలోనూ లేదు. బోర్డు మీద రాసే సుద్దలో ఉంది.

సుద్ద మీద మెత్తటి బంకమట్టి. ఎక్కువగా ఎర్రది, కొన్నిసార్లు పసుపుది. దీన్ని బోల్ అంటారు. బంగారం అంత పల్చగా ఉంటుంది కాబట్టి కింద ఉన్న రంగు పైకి తగుల్తుంది. ఎర్రమట్టి ఉంటే బంగారానికి వెచ్చదనం వస్తుంది. ఆ మట్టిని కాస్త సారా కలిపిన నీళ్లతో తడిపి, రేకుని దగ్గరికి తెస్తే, అదే లాక్కుని అతుక్కుంటుంది. ఆరీ ఆరక ముందు అగేటు రాయి కట్టిన పనిముట్టుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పూర్వం దీనికి కుక్క పన్ను వాడేవాళ్లు. ఇది నీటి గిల్డింగ్. రెండో పద్ధతిలో మట్టీ నీళ్లూ ఉండవు, అవిసె నూనెతో చేసిన బంక రాసి, అది జిగటగా ఉన్నప్పుడు రేకు వేస్తారు. అది నూనె గిల్డింగ్. దాన్ని రుద్ది మెరిపించలేం, కానీ తడికి కొంచెం తట్టుకుంటుంది. ఒకే కుర్చీలో రెండూ ఉండొచ్చు. ఎత్తుగా ఉండి వెలుగు పడేచోట నీటిది, లోపలి గుంతల్లో నూనెది.

బంగారం అసలు వాడకుండానే ఆ మెరుపు తెచ్చే దారి కూడా ఉంది. యూరప్‌లో వెండి రేకు వేసి దాని మీద పసుపుపచ్చ వార్నిష్ పూసేవాళ్లు. మన నిర్మల్ పనివాళ్లు మూలికల రసాన్ని అవిసె నూనెలో మరిగించి బొమ్మలకి బంగారు ఛాయ తెచ్చారు. రెండు చోట్లా బుర్ర ఒకేలా పనిచేసింది.

ఇప్పుడు తాళం వేసిన గదికి వద్దాం. చెక్క ప్రాణం పోయినా ఊపిరి మానదు. వానాకాలంలో తేమ పీల్చి వెడల్పవుతుంది, ఎండాకాలంలో ఆరి కుంచించుకుపోతుంది. సుద్ద పొర అలా సాగదు. ప్రతి ఏడాదీ ఒకటి కదుల్తా ఉంటే ఇంకొకటి కదలనంటుంది. కొన్నేళ్లకి సుద్ద పగిలి, గుడారంలా పైకి లేచి, పెచ్చులు ఊడుతుంది. సున్నం గోడ పెచ్చులూడటం మనందరికీ తెలుసు కదా, అదే. పెచ్చుతో పాటు పైన ఉన్న బంగారం, అందులో చెక్కిన పని కూడా పోతాయి. చెద లోపల్నుంచి తింటే పైకి కుర్చీ బాగానే కనిపిస్తుంది, వేలు పెడితే లోపలికి దిగుతుంది. సరే, ప్యాలెస్ తెరిచి ఏసీ పెట్టేస్తే పోతుందా అంటే, పొద్దున ఆన్ చేసి రాత్రి ఆపేసే ఏసీ ఇంకా ప్రమాదం. ఏడాదికి ఒకసారి జరిగే కదలిక రోజుకి ఒకసారి జరుగుతుంది. చల్లదనం కాదు, నిలకడ కావాలి. గాలిలో తేమ 50 శాతం దగ్గర కదలకుండా ఉంటే ఈ వస్తువులు హాయిగా ఉంటాయి.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు ఇంకొకటి ఉంది. ప్రేమ. అంటే, ఊడిన చోట ఎవరో మంచి మనసుతో పూసిన గోల్డ్ పెయింట్. ఆ డబ్బాలో బంగారం ఉండదు, రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడి ఉంటుంది. మొదటి నెల పెళ్లికూతురిలా ఉంటుంది. బంగారం ఎప్పటికీ నల్లబడదు, కానీ రాగి గాలి తగిలి గోధుమరంగుకి, కొన్నిచోట్ల పచ్చగా మారుతుంది. అప్పుడు ఇంకో పూత. తర్వాత ఇంకొకటి. అన్ని పూతల కింద సుద్దలో చెక్కిన ఈనెలన్నీ పూడుకుపోతాయి. ప్రపంచంలో చాలా ప్యాలెస్ కుర్చీల మీద ఇదే కథ. అడుగున అసలు బంగారం చెక్కు చెదరకుండా ఉంటుంది, పైన నాలుగు తరాల మంచి మనసు.

కన్సర్వేటర్ మొదట చేసే పని ఏమీ చేయకపోవడం. చూడటం, ఫోటోలు తీయడం, ప్రతి పగులూ రాసుకోవడం. ఈ భాగం మన బ్రాంచి వాళ్లకి బాగా నచ్చుతుంది. అల్ట్రా వయొలెట్ లైటు వేస్తే లక్క వార్నిష్ నారింజ రంగులో వెలుగుతుంది, ఎక్కడ తర్వాత చేయి పడిందో తెలిసిపోతుంది. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ అనే పరికరం ఆనించి చూస్తే, వస్తువుని గీరకుండానే, అక్కడ ఉన్నది బంగారమా, రాగీ జింకా అని చెప్పేస్తుంది. ఏ చోట ఏ పొర అని తెలిశాకే చేయి వేస్తారు.

లేచిన పెచ్చుల్ని ముందు కూర్చోబెట్టాలి. దుమ్ము తుడవడం కూడా ఆ తర్వాతే, లేకపోతే దుమ్ముతో పాటు పెచ్చులూ వచ్చేస్తాయి. చేప గాలితిత్తి నుంచి తీసిన జిగురుని పల్చగా, గోరువెచ్చగా చేసి, సన్నటి కుంచెతో పగులులోకి వదుల్తారు. పైన జపాన్ టిష్యూ కాగితం ముక్క వేసి, వెచ్చటి చిన్న గరిటెతో మెల్లగా నొక్కుతారు. ఒక కుర్చీ చేతికి రోజులు పట్టొచ్చు.

తర్వాత శుభ్రం చేయడం. నీటి గిల్డింగ్ మీద తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఏమవుతుంది? జిగురు నీళ్లలో కరుగుతుంది కాబట్టి, గుడ్డకి మురికీ అంటుకుంటుంది, రెండొందల ఏళ్ల బంగారమూ అంటుకుంటుంది. అందుకే అక్కడ వైట్ స్పిరిట్ లాంటివి వాడతారు. నూనె గిల్డింగ్ మీద, అదీ ఒక మూల పరీక్షించాక, పుల్లకి దూది చుట్టి ఉమ్మితో తుడిచేవాళ్లు కూడా ఉన్నారు. నవ్వకండి. ఉమ్మిలో ఎంజైములుంటాయి, మురికిని మెత్తగా విడదీస్తాయి. ఇత్తడి పెయింటుని తీయడానికి ద్రావకాన్ని జెల్‌గా చేసి పెడతారు, కారిపోకుండా ఆ ఒక్క పొర మీదే పనిచేసేలా. ఆ పెయింటు కింద నుంచి అసలు బంగారం బయటపడే వీడియోలు చూస్తూ హాస్టల్లో నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో లెక్కలేదు.

ఇక ఊడిపోయి కనిపించకుండా పోయిన చోట ఏం చేయాలి? అసలు గొడవ ఇక్కడే.

మా ఊరు ప్రమాణాలకి పేరు. అప్పు ఎగ్గొట్టినవాడైనా, రాజకీయ నాయకుడైనా, కాణిపాకం వచ్చి ప్రమాణం చేయి అంటే వెనకాడతాడు. వినాయకుడి ముందు అబద్ధం చెప్తే ఊరుకోడని నమ్మకం. ఈ కన్సర్వేషన్ పుస్తకాలు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. 1964 నాటి వెనిస్ ఒప్పందం చెప్పేది ఇదే: ఊహ మొదలయ్యే చోట పని ఆపాలి, కొత్తగా పెట్టిన ముక్క పాతదానితో కలిసిపోవాలి, కానీ పాతదాన్నని అబద్ధం చెప్పకూడదు. అందుకే ఇటలీ వాళ్లు పోయిన చోట సన్నటి గీతలతో రంగు నింపుతారు. రెండు మీటర్ల దూరం నుంచి కుర్చీ నిండుగా కనిపిస్తుంది. ముక్కు దగ్గర పెట్టి చూస్తే, ఇది నిన్న నింపింది అని గీతలే ఒప్పుకుంటాయి. ఇంకో నియమం, పెట్టిందాన్ని మళ్లీ తీయగలగాలి. పాత పొరకీ కొత్త పూడికకీ మధ్య పారలాయిడ్ అనే పారదర్శక రెసిన్ పొర వేస్తారు. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే, ద్రావకంతో ఆ రెసిన్ని కరిగించి పూడికని ఎత్తేయొచ్చు, కిందిదానికి ఏమీ కాదు. గిట్‌లో కమిట్ చేసేముందు బ్రాంచ్ తీసుకోవడం మనకి చెప్పాల్సిన పని లేదు. మెయిన్‌లో నేరుగా ఓవర్‌రైట్ చేసేవాడే గోల్డ్ పెయింట్ డబ్బా మనిషి.

ఇదంతా చదివి నేను తెలివైనవాళ్ల జాబితాలో చేరిపోయానని అనుకుంటుండగా మా వీధిలోనే పరీక్ష వచ్చింది. భజన మందిరంలో దేవుడి వెనక ఒక పెద్ద బెల్జియం అద్దం ఉంది. ఎప్పుడో ఒక జమీందారు బంగళా నుంచి వచ్చిందని అంటారు. దాని ఫ్రేము అంతా ద్రాక్ష గుత్తులు, ఆకులు. చేతులు తగిలే చోట బంగారం అరిగి ఎర్రమట్టి కనిపిస్తుంది. వెలుగు పక్కనుంచి పడితే చదరపు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన సన్నటి గీతలు కనిపిస్తాయి. పెయింటుకి ఆ గీతలు రావు. అంటే అది నిజమైన రేకు పని. కింది అంచు మాత్రం పెచ్చులూడి తెల్లగా ఉంది. వినాయక చవితికి ముందు గోల్డ్ పెయింట్ డబ్బా కొనుక్కొచ్చారు.

వద్దు తాతా అన్నాను. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "ఇది నీ మ్యూజియం కాదు నాయనా. చూసిపోయేదానికి వచ్చేవాళ్లు వేరే, మొక్కేదానికి వచ్చేవాళ్లు వేరే. దేవుడి వెనక పెచ్చులూడి ఉంటే మాకు మనసొప్పదు. రథం చక్రం విరిగితే కొత్త చక్రం వేస్తాం గానీ, విరిగిన చక్రాన్ని అద్దాలపెట్టెలో పెట్టి చూస్తా కూర్చుంటామా?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన చెప్పిందీ ఒక సంప్రదాయమే. గుడిలో జీర్ణోద్ధారణ అంటారు. వాడుకలో ఉన్నది అరిగితే కొత్తది చేస్తారు, వస్తువు కన్నా సేవ ముఖ్యం. రథం విషయంలో ఆయనదే న్యాయం అని ఇప్పటికీ అనుకుంటున్నా. రథం చక్రం మళ్లీ చేయగల ఆచారులు ఉన్నారు, పాత కొలతలూ ఉన్నాయి. ఈ ఫ్రేము సంగతి అలా కాదు. ఆ సుద్దలో ఆకు ఈనెలు చెక్కిన చేయి ఎవరిదో, ఎలా చెక్కిందో, ఆ ఫ్రేములో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. పెయింటు పడితే ఆ రాత చెరిగిపోతుంది. ఆయనకి అదే చెప్పాను, ఇంత బాగా కాదులెండి, తడబడుతూ. కొత్త చక్రం వేసేటప్పుడు పాత చక్రం పక్కన పెట్టి కొలతలు తీసుకుంటారు కదా తాతా, దీనికి పెయింటు పూస్తే రేపు ఎవరైనా కొలత దేన్ని చూసి తీసుకోవాలి అని అడిగాను. ఆయన కాసేపు అద్దం వైపు చూసి, ఆచారి తాతని పిలిపించాడు.

ఆచారి తాత వేలితో తట్టి చూశాడు. లోపల చెక్క గట్టిగానే ఉందన్నాడు, చెద లేదన్నాడు. సుద్ద పని నాకు రాదు, చెక్కయితే చేస్తాను అని నిజాయితీగా చెప్పాడు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. చెక్క చెక్కేవాళ్లు మనకి దగ్గర్లోనే ఉన్నారు, శ్రీకాళహస్తి పక్క మాధవమాల ఊరంతా అదే పని. తిరుపతిలో టీటీడీ నడిపే సాంప్రదాయ శిల్పకళా సంస్థలో కొయ్యశిల్పం నేర్పుతారు. కానీ ఊడిన పూతని తిరిగి కూర్చోబెట్టే చదువు వేరు. లక్నోలో కేంద్ర ప్రభుత్వ కన్సర్వేషన్ ప్రయోగశాల ఉంది, మైసూరులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరు మాకు మరీ దూరమేం కాదు. ఫోటోలతో ఒక మెయిల్ రాసి పెట్టాను, కమిటీ వాళ్లు సరే అంటే పంపిస్తాం.

ఈలోపు మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలాంటి ఫ్రేమో కుర్చీనో ఉంటే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తడిగుడ్డ వద్దు. మెత్తటి పొడి కుంచెతో, పెచ్చులు లేవని చోట మాత్రమే దుమ్ము దులపండి. కర్పూరం పొగకీ, అభిషేకం నీళ్లకీ, కిటికీ ఎండకీ దూరంగా జరపండి. ఊడిన ముక్క దొరికితే ఊడ్చి పారేయకండి, ఫెవికాల్‌తో అతికించేయకండి కూడా, అది మళ్లీ రాదు.

మా అద్దం కింద నేల మీద ఏరితే 23 పెచ్చులు దొరికాయి. వాటిని దూది పరిచిన స్వీట్ బాక్సులో పెట్టి, ఏది ఏ మూలదో ఫోటో మీద నంబర్లు వేశాను. చవితికి ఫ్రేము కింది అంచు కనపడకుండా పూలమాల కట్టారు. గోల్డ్ పెయింట్ డబ్బా వృథా కాలేదు, మందిరం ఇనుప గేటుకి పూశారు. గేటుకి చాలా బాగుంది.